కుటుంబ పెద్ద

కొత్తదిబ్బ,
12 జూన్ 2025

తమ్ముడు క్రాంతికుమార్‌కి,

ప్రభువు కృప నీకూ, మరదలికీ, పాపకీ తోడుండాలని కోరుతూ అక్క రాసేది.

చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోనులో సగం మాటలు నాకు వినిపించవు, మిగతా సగం నువ్వు వినవు. రోజంతా చెవులకి ఆ గొట్టాలు తగిలించుకుని ఊరివాళ్ల మొరలు వింటావు కదా, ఇంటికొచ్చాక నా గొంతు కూడా నీకు డ్యూటీలాగే ఉంటుంది. కాగితం మీదైతే చివరిదాకా చదవక తప్పదు.

మొన్న అమలాపురంలో డాక్టరమ్మకి చూపించుకున్నాను. గర్భసంచిలో గడ్డ ఉందట, సంచితో సహా తీసేయాలట. "భయపడకండి టీచరుగారూ, చెడ్డ గడ్డలా లేదు. కానీ ఇలా రక్తం పోతూ ఉంటే మనిషి నిలబడరు. ఆరోగ్య కార్డు తెచ్చుకోండి, కాకినాడకి రాసిస్తాను" అంది. బడిలో పాఠం చెబుతూ రెండుసార్లు గోడ పట్టుకున్నాను. పిల్లలు కంగారు పడ్డారు.

కార్డు కోసం ఇప్పుడు ఏ ఆఫీసుకీ తిరగక్కర్లేదని, అన్నీ మీ 'మన వాకిలి' పోర్టల్లోనే దొరుకుతాయని నువ్వే కదా ఎప్పుడూ చెబుతావు. సరేనని మా సచివాలయానికి వెళ్లాను. అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే పుష్పలత నా దగ్గర చదువుకున్న పిల్లే. నా నంబరు కొట్టింది, తెర వంక చూసింది, నా వంక చూసింది.

"టీచరుగారూ, మీరు మన ఊళ్లో లేరండి" అంది.

"నీ ఎదురుగా కూర్చున్నాను కదే!"

"ఆయ్, కూర్చున్నారండి. పోర్టల్లో మాత్రం లేరండి. మీరు... దానం గారి ఇంట్లో ఉన్నారండి."

తెర నా వైపు తిప్పింది. కుటుంబ పెద్ద: దానం. దాని కింద, భార్య: రత్నకుమారి, ప్రభుత్వ ఉపాధ్యాయురాలు. ఇంకా కింద, భార్య: ఝాన్సీ, గృహిణి.

ఇద్దరికీ భార్య అనే ఉందిరా. ఆ యంత్రానికి ఏ అభ్యంతరమూ లేదు. పెళ్లైన కొత్తలో ఎప్పుడో రాయించిన రేషన్ కార్డులోంచి నా పేరు లాక్కొచ్చి అక్కడ అతికించిందట. ఇన్నేళ్లుగా ప్రైవేటు బడిలో పిల్లలకి తెలుగు చెప్పి బతుకుతున్న నేను అక్కడ గృహిణిని, అదీ నన్ను ఎప్పుడో వదిలేసిన ఆ మనిషి ఇంట్లో! నోట్లో పెట్టుకున్న ముద్దలో వెంట్రుక తగిలినట్టయింది. ఇంటికొచ్చి స్నానం చేశాను.

ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంది కాబట్టి నాకు కార్డుకి అర్హత లేదని ఎర్రక్షరాలతో రాసి ఉంది. నువ్వు అక్కడే కూర్చుంటావు కదా. ఒక్క మీట నొక్కి నన్ను ఆ ఇంట్లోంచి తీసెయ్యి. ఈ వారంలో అయితే మంచిది.

పాపకి మామిడి తాండ్ర పంపుతాను. పళ్లు తోమించమను.

మీ అక్క,
ఝాన్సీ

●

విజయవాడ,
18 జూన్ 2025

అక్కకి వందనాలు.

ఉత్తరం చదివి చాలా కంగారు పడ్డాను. గడ్డ సంగతి ముందే ఎందుకు చెప్పలేదు? కార్డు ఆలస్యమైతే ఇక్కడ ప్రైవేటు ఆసుపత్రిలో చేయిద్దాం. అప్పో సప్పో నేను చూసుకుంటాను.

అయితే నా ఉద్యోగం గురించి నువ్వు కొంచెం పొరపాటు పడుతున్నావు. మేము పోర్టల్ నడిపేవాళ్లం కాదు. దాన్ని నడిపే కంపెనీకి ఫోన్లు ఎత్తిపెట్టేవాళ్లం. ఎవరైనా ఇబ్బంది చెబితే, మా ముందున్న తెర మీద ఏ సమాధానం కనిపిస్తే అది చదివి వినిపిస్తాం. మనుషుల వివరాలు మార్చే అధికారం మాకు లేదు. బంధువుల రికార్డు తెరిచినా ఉద్యోగం పోతుంది.

నీ పేరు మీద ఫిర్యాదు మాత్రం నమోదు చేయించాను. అసలు దీనికి చక్కటి దారే ఉంది. 'కుటుంబ విభజన' అని ఒక సేవ. కుటుంబ పెద్ద వచ్చి వేలిముద్ర వేస్తే ఆ పూటే విడిపోతారు. లేకపోతే కోర్టు విడాకుల కాగితమైనా పెట్టొచ్చు, కానీ మీది సంఘ పెద్దలు కూర్చుని తేల్చిన వ్యవహారం కదా. కాబట్టి ఆయన్ని ఒక్కసారి రమ్మంటే సరిపోతుంది. ఒక్క నిమిషం పని అక్కా. పాత సంగతులు మనసులో పెట్టుకోకు.

నువ్వు పోర్టల్‌ని మరీ తీసిపారేస్తున్నావు. నా కాలేజీ సర్టిఫికెట్ల కోసం నాన్న తాలూకాఫీసు అరుగు మీద ఎన్నాళ్లు పడిగాపులు కాశాడో నువ్వే చెప్పేదానివి. ఇప్పుడు ఎవరి కాళ్లూ పట్టుకోవక్కర్లేదు. ఇంట్లో కూర్చుని తెచ్చుకుంటున్నారు. మా మరదలుపిల్ల అడ్రసు మార్పు టీ తాగేలోపు అయిపోయింది.

బలంగా తిను. బెల్లం, ఖర్జూరం మానకు.

నీ తమ్ముడు,
క్రాంతి

●

కొత్తదిబ్బ,
27 జూన్ 2025

క్రాంతీ,

దీవెనలు. ఒక్క నిమిషం పని అని రాశావు. ఆ మాట దగ్గర ఆగిపోయి రెండు రోజులు నీ ఉత్తరం మళ్లీ ముట్టుకోలేదు.

నీకప్పుడు పదేళ్లు. అక్కకీ బావకీ పడలేదని నీకు చెప్పారు. పడకపోవడం కాదు. పులుసులో చింతపండు ఎక్కువైందని ఆయన కంచం తీసి నా చెవి మీద కొట్టాడు. ఆ చెవి నెలరోజులు చీము కారింది. దిండు గుడ్డ రోజూ ఉడకబెట్టేదాన్ని. జలుబు చేసి చెవి పోయిందని ఊళ్లో చెప్పమంది అమ్మ. అలాగే చెప్పాను, నీకు కూడా. సంఘ పెద్దలు కూర్చున్న రోజున ఆయన కాలు మీద కాలేసుకుని, "దీంతో నాకు పనిలేదండి, తీసుకుపొండి" అన్నాడు. నన్ను అలా వదిలించుకున్నాడు. ఆ మరుసటి ఏడే వేరే ఊళ్లో రత్నకుమారిని చేసుకున్నాడు. ఇప్పుడు నేను ఆయన దగ్గరికి వెళ్లి, అయ్యా, మీ ఇంట్లోంచి నన్ను పంపించెయ్యండి అని బొటనవేలు అడుక్కోవాలి. ఈ దారి పెట్టినవాడెవడో గానీ, వాడికి ఆడదాని బతుకు ఒక్కటి కూడా తెలియదు.

నీ ఫిర్యాదు సంగతి కూడా విను. పోయిన శనివారం ఫోనుకి కబురొచ్చింది. "మీ వినతి విజయవంతముగా పరిష్కరింపబడినది. మీ ఆనందమును నక్షత్రములలో తెలుపుడు." పుష్పలత దగ్గరికి పరుగెత్తాను. తీసి చూస్తే ఆ ఇల్లూ అలాగే ఉంది, ఆ ఇద్దరు భార్యలూ అలాగే ఉన్నారు. నా క్లాసులో ఏ పిల్లాడైనా ఇలాంటి తెలుగు రాస్తే బెంచీ ఎక్కించేదాన్ని. అబద్ధాన్ని అంత మర్యాదగా రాసినవాణ్ని ఏం చెయ్యాలో తెలియడం లేదు.

సోమవారం సెలవు పెట్టి అమలాపురం వెళ్లాను. అర్జీలు తీసుకునే ఆఫీసులో ఒకాయన కొబ్బరిబోండం తాగుతూ అడిగాడు.

"ఆన్‌లైన్లో పెట్టేరా అమ్మా?"

"పెట్టేనండి."

"ఏమని వచ్చింది?"

"పరిష్కరించేశామని వచ్చిందండి."

"మరింకేంటండీ! అయిపోయింది కదా!"

"అవ్వలేదండి, అక్కడే ఉన్నానండి."

"అయితే మళ్లీ పెట్టండి" అని బోండం అడుగున స్ట్రాతో గుర్రుమని పీల్చాడు. బస్సులో నిలబడలేక మెట్ల మీద కూలబడ్డాను. ఎవరో ఆడపిల్ల లేచి సీటిచ్చింది.

నీ అప్పు మీద నా కడుపు కోయించుకోను. ఆ మాట మళ్లీ రాయకు. నాకు కావలసింది ఆపరేషన్ ఒక్కటే కాదు. రేపు నాకేమైనా అయితే, దానం ఇంట్లో గృహిణి పోయిందనే రాస్తుంది మీ వాకిలి. ఆ ఇంట్లో చావడం నాకిష్టం లేదు.

మరదలిని అడిగానని చెప్పు.

అక్క

●

విజయవాడ,
4 జూలై 2025

అక్కా,

నువ్వు అంత బాధలో ఉంటే ఊరుకోలేకపోయాను. చెవి సంగతి నాకు నిజంగా తెలియదు. కానీ కోపంతో పని జరగదు కదా. నువ్వు అడగలేవు, నేను అడగగలను. అందుకని నిన్న దానం బావకి ఫోను చేశాను.

నువ్వు అనుకున్నట్టు లేడు. ఎంతో మెత్తగా మాట్లాడాడు. నీ గొంతు విని ఎన్నాళ్లైందిరా బాబూ అన్నాడు. రత్నకుమారి గారు పోయిన క్రిస్మస్ ముందు చనిపోయారట, ఆ కబురు మనకి తెలియనే లేదు. పిల్లలు లేరు, ఒంటరిగా ఉన్నాడు. నీ ఆరోగ్యం గురించి చెప్పాను. "నా వల్ల ఆవిడ ఇబ్బంది పడకూడదు. నేనే వచ్చి చూస్తాను" అన్నాడు. వయసు మీద పడితే మనుషులు మారతారు అక్కా. వస్తే ఒక గ్లాసు మంచినీళ్లు ఇవ్వు, వేలిముద్ర వేయించుకో, పంపించెయ్యి.

ఇది జరిగిపోతే ఆగస్టు నాటికి నీ ఆపరేషన్ అయిపోతుంది.

నీ తమ్ముడు,
క్రాంతి

●

కొత్తదిబ్బ,
13 జూలై 2025

క్రాంతికుమార్,

బావ అని రాశావు. నీకు బావ ఎవడురా?

ఇవాళ ఆదివారం ఆరాధన నుంచి వచ్చి చీర మార్చుకుంటుండగా తలుపు చప్పుడైంది. తీస్తే ఆయనే. తెల్లచొక్కా, చంకలో పనసకాయ. చెప్పులతోనే లోపలికొచ్చి, నేను రాసుకునే కుర్చీలో కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను.

"ఏం ఝాన్సీ, బాగా తగ్గిపోయేవు" అన్నాడు.

"సచివాలయం రేపు తెరుస్తారు. వేలిముద్ర అక్కడ వెయ్యాలి" అన్నాను.

"వేలిముద్రకేముందిలే. ముందు మనం మాటాడుకోవాలి కదా. రత్నం పోయేక ఇల్లు ఇల్లులా లేదు. హోటలు కూడు తినలేకపోతన్నాను. నువ్వూ ఒక్కదానివే ఉంటన్నావు. ఆపరేషనయ్యేక నీకు గ్లాసుడు నీళ్లిచ్చేవాళ్లెవరు?"

"నా సంగతి మీకక్కర్లేదు."

"అక్కర్లేకపోడమేంటి? గవర్నమెంటోళ్లే మనల్నిద్దర్నీ ఒక ఇంట్లో పెట్టేరు. నేను పెట్టమన్నానా? నువ్వు పెట్టమన్నావా? ప్రభువు చిత్తం అలాగుందేమో! ఆయన కలిపినదాన్ని విడదీడానికి నా చెయ్యాడదు ఝాన్సీ. నువ్వు వచ్చెయ్యి, నాకు వండి పెట్టు, నేను నీకు తోడుంటాను."

అన్నాడురా! వాక్యాన్ని నోట్లో వేసుకుని నములుతూ అన్నాడు. కిటికీలోంచి వంగి నా మందారం మొదట్లో కిళ్లీ ఉమ్మాడు. అది ఎర్రగా కారింది. లేవమన్నాను. లేవలేదు. పనసకాయ తీసి వీధిలోకి విసిరాను. అప్పుడు లేచాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి పాపాయమ్మ రెండు గ్లాసుల టీ పట్టుకుని నవ్వుతూ వచ్చింది. "ఇన్నాళ్లకి నీ ఇంటికి దీపమొచ్చింది అమ్మాయ్! మీ తమ్ముడు మాట్లాడి కుదిర్చేడంట కదా, ఆయన వీధి మొదట్లోనే చెప్పేరు" అంది.

అందరికీ చెప్పుకుంటూ వచ్చాడన్నమాట. సాయంత్రం కూడికలో పాస్టరుగారు లేచి, విడిపోయిన ఒక కుటుంబాన్ని ప్రభువు తిరిగి కట్టాడని కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టారు. ఆడవాళ్లంతా నా వైపు తిరిగి ఆమేన్ అన్నారు. నేను లేచి బయటికొచ్చేశాను. దారిలో కూడా ఇదే మాట. హెడ్మాస్టరు, "ఇక ఊరు మారిపోతారా టీచరుగారూ?" అని అడిగాడు.

చచ్చిపోయిన మనిషిని ఆ తెర మీద నుంచి తియ్యలేదు. బతికున్న నన్ను పోనివ్వదు. దాని తిండి అది తింటోంది. కానీ ఆ మనిషికి దారి చూపించింది మాత్రం యంత్రం కాదు, నువ్వు. నన్ను ఒక్క మాట అడిగావా?

ఝాన్సీ

●

విజయవాడ,
14 జూలై 2025

ప్రియమైన అక్కకి,

నా సంతోషం ఎలా రాయాలో తెలియడం లేదు. నిన్న రాత్రి బావ ఫోను చేశాడు. "అంతా సర్దుకుందిరా, మీ అక్క మెత్తబడింది, ఇక వేలిముద్రలూ గొడవలూ అక్కర్లేదు" అన్నాడు. పాపాయమ్మగారు కూడా పక్కనుంచి ఫోను తీసుకుని, చర్చిలో ప్రార్థన చేశారని చెప్పింది. నీ మరదలు విని కళ్లు తుడుచుకుంది.

పైకి ఎంత కోపంగా రాసినా నీ మనసు మంచిదని నాకు తెలుసు. ఒంటరిగా ఎన్నాళ్లని ఉంటావు? చూశావా, నువ్వు తిట్టిపోసిన పోర్టలే ఈ మేలు చేసింది. దసరా సెలవులకి మేమంతా వచ్చి మీ ఇద్దరినీ చూస్తాం. బావకి షర్టు గుడ్డ కొన్నాను. కొలతలు రాయి.

నీ తమ్ముడు,
క్రాంతి

●

కొత్తదిబ్బ,
19 జూలై 2025

క్రాంతికుమార్‌కి,

నీ సంతోషం అందింది. పొయ్యిలో పెట్టాను.

నిన్న బడిలో పడిపోయాను. రక్తం ఎక్కించారు. ఎక్కిస్తున్నంతసేపూ నర్సు, "మీవారు వచ్చేరా?" అని అడుగుతూనే ఉంది. నా ఫోను నీకు పనిచేయదు. ఉత్తరాలు రాయకు.

ఝాన్సీ

●

విజయవాడ,
2 ఆగస్టు 2025

అక్కా,

రాయవద్దన్నావు. అయినా రాస్తున్నాను. ఇది కూడా పొయ్యిలో పెట్టేముందు ఒక్కసారి చదువు.

నీ పదమూడో తేదీ ఉత్తరం, నా పద్నాలుగో తేదీ ఉత్తరం దారిలో ఎదురుపడ్డాయి. నీది చదివేసరికి నాది నీకు చేరిపోయి ఉంటుంది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయనకి ఫోను చేసి, ఇక నా అక్క గుమ్మం తొక్కితే బాగుండదని చెప్పాను. నవ్వాడు. "మీ అక్క నా ఇంట్లోనే ఉందిరా, కంప్యూటర్లో చూసుకో" అన్నాడు. ఆ నవ్వు ఇంకా వినిపిస్తోంది.

ఆ మర్నాడు డ్యూటీలో, కర్నూలు వైపు నుంచి ఒకావిడ ఫోను చేసింది. నీ గొడవే. మొగుడు వదిలేసి వెళ్లాడు, పేరు మాత్రం ఆయన కింద ఉంది, పిల్లాడి ఫీజు ఆగిపోయింది. నా తెర మీద ఎప్పుడూ వచ్చే సమాధానమే వచ్చింది: "దయచేసి మీ కుటుంబ పెద్దను సంప్రదించగలరు." ఆ మాట నేను ఈ ఉద్యోగంలో ఎంతమందికి చదివి వినిపించానో. ఒక్కసారి కూడా, ఎవర్ని సంప్రదించమంటున్నానో ఆలోచించలేదు. ఆవిడ, "హలో, ఉన్నారా సార్?" అంటూనే ఉంది.

తర్వాత మాకు ట్రైనింగ్ ఇచ్చే పెద్దాయన్ని పట్టుకుని అడిగాను. ఆయన తాపీగా చెప్పాడు. పెద్ద ఒప్పుకోకపోయినా విడదీయొచ్చట. ఆ ఇల్లు ఏ మండలంలో ఉందో అక్కడి అధికారి ఇద్దరినీ పిలిచి విచారణ చేసి, తన వేలిముద్రతో మార్చవచ్చు. మరి ఈ సంగతి పోర్టల్లో ఎందుకు లేదండీ అన్నాను. "పెడితే అందరూ అడుగుతారు కదయ్యా. రేపు తగాదా వస్తే వేలు వేసిన అధికారి మీదికొస్తుంది. అందుకే ఎవరూ వెయ్యరు, మేమూ చెప్పం" అన్నాడు.

యంత్రం అనుకున్నాను ఇన్నాళ్లూ. మనుషులే అక్కా. తలుపు ఉంది, దాని ముందు బీరువా అడ్డంపెట్టారు.

కర్నూలు ఆవిడకి నేనే ఫోను చేసి ఆ దారి చెప్పాను. సంభాషణలన్నీ రికార్డవుతాయి. రాసిచ్చినది కాక వేరే మాట చెప్పానని నన్ను ఫోన్ల దగ్గర్నుంచి తీసేసి కాగితాలు సర్దే గదిలో వేశారు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు.

నువ్వు దానం వాళ్ల మండలం ఆఫీసుకి వెళ్లి, విచారణ చెయ్యమని రాసివ్వు. అది వాళ్లు కాదనడానికి వీల్లేదు. నేను రానా అని అడగను. నువ్వు రమ్మంటే వస్తాను.

క్షమించమని అడిగే ముఖం లేదు.

క్రాంతి

●

కాకినాడ,
30 ఆగస్టు 2025

చిరంజీవి క్రాంతికి,

ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు. ఆపరేషన్ అయిపోయింది. గడ్డ మంచిదేనని చెప్పారు. నీకు ముందుగా చెప్పకపోవడం కోపంతో కాదు. అన్నీ అయ్యాక ఒకేసారి రాద్దామనుకున్నాను.

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. రెండుసార్లు చదివి, ఆ మర్నాడే వాళ్ల మండలం ఆఫీసుకి వెళ్లాను. పుష్పలత సెలవు పెట్టి వెంట వచ్చింది. పాపాయమ్మ కూడా వచ్చింది. ఆయన మాటలు నమ్మి తను టీ తెచ్చినందుకు సిగ్గుపడి, "నేనొచ్చి సాచ్చికం చెప్తాను అమ్మాయ్" అంది. అర్జీ తీసుకోవడానికే మూడుసార్లు తిప్పారు. మొదట సర్వర్ లేదన్నారు, తర్వాత అధికారి లేరన్నారు, ఆపైన ఇలాంటి సేవే లేదన్నారు. మూడోసారి నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. లోపలికి వెళ్లేవాళ్లంతా నన్ను దాటుకుని వెళ్లాల్సి వచ్చింది. చివరికి విచారణకి రోజు ఇచ్చారు.

అధికారి పేరు సూర్యావతి. దేవతలా ఆదుకుందని రాయాలనుంది గానీ, అలాంటిదేమీ లేదు. భోజనం వేళకి మమ్మల్ని వదిలించుకుంటే చాలన్నట్టు ఉంది. ఆయనా వచ్చాడు, అదే తెల్లచొక్కా. నేను నా మాట చెప్పుకున్నాను. చెవి సంగతి కూడా చెప్పాను, వరండాలో నిలబడ్డవాళ్లందరికీ వినబడేలా. ఇన్నేళ్లూ జలుబన్నాను కదా, ఆ అబద్ధం అక్కడే వదిలేశాను. ఆయన మాత్రం చేతులు కట్టుకుని, "భార్యాభర్తలన్నాక ఉంటాయండి మేడంగారూ. నేను ఏలుకుంటానంటన్నాను కదండీ" అన్నాడు.

ఆవిడ తెర మీద చూసి విసుక్కుంది. "ఇదేంటండీ, ఇద్దరు భార్యల్ని చూపిస్తోంది. ఇలా ఉంటే ఏ మార్పూ తీసుకోదు. చనిపోయారని తీస్తే సరిపోదు, ఒకళ్లని అసలు భార్యే కాదని తీసెయ్యాలి. ఎవర్ని ఉంచమంటారు?"

"రత్నం ఎలాగూ పోయింది కదండీ. ఝాన్సీనే ఉంచండి" అన్నాడు, నా వైపు చూసి పళ్లికిలిస్తూ.

"అయితే రత్నకుమారి గారు మీ భార్య కాదని రాసెయ్యమంటారా?"

"రాసెయ్యండి."

"సరే. ఆవిడ టీచరు కదా, ఈ మార్పు ట్రెజరీకి కూడా వెళ్తుంది."

ఆయన నవ్వు సగంలో ఆగింది. "ట్రెజరీకి దేనికండీ?"

"ఆవిడ పెన్షను ఇప్పుడు భర్తగా మీరే తీసుకుంటన్నారు కదండీ? భార్య కానప్పుడు మీకెలా ఇస్తారు? ఇచ్చింది కూడా వెనక్కి అడుగుతారు."

తమ్ముడూ, మనిషి రంగు అంత తొందరగా మారడం నేనెప్పుడూ చూడలేదు. కుర్చీలోంచి లేచిపోయాడు.

"లేదండి, లేదండి! రత్నమే నా భార్యండి. చర్చిలో చేసుకున్నానండి, ఫొటోలున్నాయండి. ఈవిడతో నాకు ఏ సంబంధమూ లేదండి!"

"ఇందాక ఏలుకుంటానన్నారు?"

"పొరపాటున అన్నానండి. ఈవిడెవరో నాకు తెలీదండి మేడంగారూ!"

పాపాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వేలిముద్ర యంత్రం ఇంకా పెట్టకముందే ఆయన బొటనవేలు బల్ల మీదికి చాచాడు. నేను ఏ వేలు కోసం గుమ్మంలో కూర్చున్నానో, ఆ వేలు అలా యంత్రాన్ని వెతుక్కుంటోంది. గెలిచానని సంబరపడాలి కదా? పడలేదు. కంచం పెట్టి కొట్టినప్పుడు భార్యని, వండిపెట్టడానికి భార్యని, పెన్షను మాట రాగానే ఎవరో తెలియదు. ఆ యంత్రంలో నన్ను ఎక్కించినవాళ్లకీ ఈయనకీ పెద్ద తేడా ఏముంది అనిపించింది.

తీసేయడానికి కారణం చెప్పాలట. తెర మీద వరసగా ఇచ్చారు: వివాహం, మరణం, వలస, పొరపాటున చేర్చబడినది. ఏది నొక్కమంటారని సూర్యావతి గారు నన్నే అడిగింది.

"పొరపాటున చేర్చబడినదండి" అన్నాను.

ఆవిడ మొదటిసారి నా ముఖంలోకి చూసింది. నవ్వలేదు గానీ, ఆ తర్వాత పని తొందరగా చేసింది. ఇప్పుడు నేను కొత్తదిబ్బలోనే ఉన్నాను. కుటుంబ పెద్ద నేను, సభ్యులు ఒకరు. గృహిణి అన్నది మాత్రం పోలేదు. దానికి వేరే అర్జీ పెట్టాలట. పెడతాను. వదలను.

కార్డు వచ్చింది, డాక్టరమ్మ ఇక్కడికి రాసిచ్చింది. ఆపరేషన్ రోజున మత్తు ఇవ్వబోయే ముందు నర్సు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. పాపాయమ్మ వంక చూసి పెదవి విరిచి, "మగవాళ్లెవరూ రాలేదామ్మా? ఇంటి పెద్ద సంతకం పెట్టాలి" అంది.

"ఇవ్వండి" అన్నాను.

"మీరు కాదండి, ఇంటి పెద్ద."

"నేనేనండి. కార్డు మీద చూసుకోండి."

చూసింది. కార్డూ చూసింది, నన్నూ చూసింది. పెన్ను ఇచ్చింది. బడిలో ప్రోగ్రెసు కార్డుల మీద పెట్టినట్టే పెట్టాను, పూర్తి పేరు, పొల్లు పోకుండా.

నీ ఉద్యోగం సంగతి మరదలు పాపాయమ్మకి ఫోనులో చెప్పిందట. పోతే పోనీ. ఆ కర్నూలు ఆవిడకి ఏమైందో కనుక్కుని నాకు రాయి, అది ముఖ్యం.

వచ్చే ఆదివారం రా. షర్టు గుడ్డ ఎవరికైనా ఇచ్చెయ్యి. నాకేమీ తేకు, ఏ ఆఫీసులోనూ ఎవరితోనూ మాట్లాడకు. సంతకాలన్నీ నేను పెట్టేశాను. నువ్వు ఊరికే వచ్చి పక్కన కూర్చో.

నీ అక్క,
ఝాన్సీ